మెడ మెటికలు విరిపిస్తున్నారా?

క్షవరం అయ్యాక మెడ పట్టి అటూ ఇటూ టక్కుమనిపిస్తే కొందరికి ఎంత హాయో! ఆ హాయి వెనుక అరుదైనదే అయినా పెద్ద ముప్పే ఉంది.

మెదడుకు రక్తం అందించేవి మెడలోని నాలుగు ధమనులు. ముందు రెండు, వెన్నుపూసల వెంట రెండు. మెడ ఒక్కసారిగా మెలిపడితే, ఒక్కోసారి గట్టి దగ్గుకే, వాటి లోపలి పొర చిరుగుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం. ధమనుల గోడలు బలహీనంగా ఉన్నవారికి ఒకేసారి రెండు మూడు చిరగొచ్చు. యాభై ఏళ్లలోపు వారి పక్షవాతానికి ఇదో ముఖ్య కారణం.

2022లో హైదరాబాద్ అపోలో న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్‌కుమార్ ఓ యాభయ్యేళ్ల మహిళ సంగతి చెప్పారు. బ్యూటీపార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడుగుతుంటే కళ్లు తిరిగాయి, వాంతులయ్యాయి. మొదట చూపించింది కడుపు డాక్టరుకి! మర్నాడు నడక తూలింది. పరీక్షిస్తే పక్షవాతం. ఆమెది చిరుగు కాదు, ధమని నొక్కుకుపోవడం. మెడ వంపే కారణం.

ఎన్నడూ లేనట్టు మెడకో తలకో ఒకవైపే నొప్పి, ఆ వైపు కనురెప్ప వాలడం కనిపిస్తే మాలిష్ జోలికి పోకుండా డాక్టరుకు చూపించండి. మాట తడబడినా, చెయ్యి పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలి మరి. ఎత్తిపోతల లాంటి చోట ఉన్నవారికి ఈ లెక్క మరీ ముఖ్యం. మాచర్ల దాటి గుంటూరు చేరాలంటే వంద కిలోమీటర్ల పైమాటే. వేళకు వైద్యం అందితే చాలామందిలో ఆ చిరుగు కొన్ని నెలల్లో మానిపోతుంది.