టైరా? చైనా?

ఆ దేశం గురించి కాదు లెండి, వరి కోత మిషను గురించి.

అంతర్వేది దగ్గర మాకు కొబ్బరితోట పోగా నాలుగెకరాల చేనుంది. మా బాబాయి, ఇంకో ఇద్దరు రైతులు కలిసి కోత మిషను కొందామని కూర్చున్నారు. నాలుగో వాటా నాది. "కంప్యూటర్లో చూసి ఏది మంచిదో చెప్పరా అబ్బాయ్" అన్నాడు బాబాయి. ఇంకేముంది, మన బుద్ధి ఎక్కడికి పోతుంది, ఎక్సెల్ షీటు తెరిచాను.

ఓ పక్క పంజాబులో తయారయ్యే టైర్ల మిషన్లు, ప్రీత్ 987, కర్తార్ 4000. ఇంకో పక్క కుబోటా డీసీ-68జీ లాంటి రబ్బరు చైను మిషన్లు. టైర్లవాటికి వంద దాటిన హార్స్‌పవర్, కోత వెడల్పు ఇంచుమించు 14 అడుగులు. కుబోటాకి 68, వెడల్పు ఆరడుగుల చిల్లర. మార్కులేస్తే టైర్లదే ఫస్టు క్లాసు.

షీటు పంపితే బాబాయి ఒక్కటే అడిగాడు. "మన చేలో దిగబడిపోదూ?"

ఆ కాలమ్ నా షీటులో లేదు!

సార్వా కోతలకొచ్చేది తుఫాన్ల రోజుల్లోనే. సముద్రం పోటు మీదుంటే డ్రైన్లు లాగవు, చేలో నీళ్ళు అలాగే నిలబడిపోతాయి. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కష్టాల్లో ఈ మురుగు బాధ కూడా ఉంది. రెండేళ్ళ కిందట మా పక్క చేలో అద్దెకొచ్చిన టైర్ల మిషను ఇరుసు దాకా దిగబడింది. రెండు ట్రాక్టర్లు కట్టి లాగేసరికి పొద్దు గూకింది. ఆ రాత్రే వాన. పడిపోయిన చేనంతా మొలకలొచ్చేసింది. మన భాషలో చెప్పాలంటే, బెంచ్‌మార్కులో నెగ్గి ప్రొడక్షన్లో పడిపోవడం.

చైను మిషను బరువు నేల మీద వెడల్పుగా పరుచుకుంటుంది, అందుకే బురదలో తేలుతుంది. పైగా చుట్టూ కొబ్బరిగట్లున్న చిన్న మడుల్లో 14 అడుగుల కత్తెర తిరగడానికే సగం పొద్దు సరి. అలాగని చైనుదానికి లోపాల్లేవని కాదు. తారు రోడ్డు మీద నడపకూడదు, ఊరు మారితే లారీ ఎక్కించాలి. అరిగిన చైను మార్చడమంటే జేబుకి చిల్లే. ఇక ఏ మిషనుతో కోసినా గింజ పచ్చిదే. తేమ 17 శాతానికి దిగేదాకా రోడ్డు మీద ఆరబెట్టడం తప్పదు.

"కొనడమెందుకు, అద్దెకి తెచ్చుకోవచ్చుగా" అన్నాడు మా టీములో ఒకాయన. వాన వస్తోందని తెలిస్తే ఊరందరికీ మిషను కావాల్సింది ఆ ఒక్క రోజే కదండీ!

నా ఓటు చైనుకే వేశాను. బాబాయి సరేనని వెంటనే ఇంకోటి అడిగాడు. "కోతల మధ్యలో చైను తెగితే రాజోల్లో దొరుకుద్దా, లేపోతే రాజమండ్రి పరిగెత్తాలా?" షీటులో ఇంకో కాలమ్ కలిపాను. ఈ శనివారం డీలర్లకి ఫోన్లు చెయ్యాలి.