చేతిలోది కింద పెట్టాలి

దసరాకి మా అమ్మాయి బెంగళూరు నుంచి బరంపురం వచ్చిందన్న మాటే గాని, మూడు రోజులూ లాప్‌టాప్ ముందే కూర్చుంది. మొహంలో కళ లేదు.

"ఏమ్మా, ఏమైంది?" అన్నాను.

"నా ప్రోగ్రాం ఉండుండి బిగుసుకుపోతోంది నాన్నా. తప్పేమిటో చెప్పదు, కదలదు. సోమవారం ఆఫీసులో జవాబు చెప్పుకోవాలి."

నేను చదివింది కామర్స్. అయినా ఊరుకోలేక, నాకర్థమయ్యేలా చెప్పమన్నాను.

ఆ ప్రోగ్రాంలో పైథాన్, సి ప్లస్ ప్లస్ అని రెండు భాషలు కలిసి పనిచేస్తాయట. ఒకేసారి పనిచేసే గుమాస్తాల్లాంటి వాటిని థ్రెడ్లు అంటారు. మామూలు పైథాన్‌లో అందరికీ కలిపి ఒకటే తాళంచెవి. దాని పేరు జి.ఐ.ఎల్. అది చేతిలో ఉన్న థ్రెడ్డే పైథాన్ పని చెయ్యాలి. సి ప్లస్ ప్లస్‌లో ఆ ఏర్పాటు లేదు. కాపాడుకోవలసిన లెక్కలకు మనమే మ్యూటెక్స్ అనే తాళం వేసుకోవాలి.

ఒక థ్రెడ్ జి.ఐ.ఎల్. పట్టుకుని మ్యూటెక్స్ కోసం నిలబడుతుంది. రెండోది మ్యూటెక్స్ పట్టుకుని జి.ఐ.ఎల్. కోసం నిలబడుతుంది. ఇక రెండూ కదలవు. ఇది రోజూ జరగదు, సరిగ్గా ఆ క్షణాన ఎదురుపడితేనే. అందుకే పట్టుకోవడం కష్టం.

నాకు నవ్వొచ్చింది. కంప్యూటర్లు లేని రోజుల్లో, అర్ధ సంవత్సరపు ముగింపు నాటి రాత్రి, నేను లెడ్జరు పట్టుకుని వోచర్ల కోసం కూర్చున్నాను. పక్క సీటాయన వోచర్ల కట్ట పట్టుకుని నా లెడ్జరు కోసం కూర్చున్నాడు. గంట గడిచింది. మేనేజరుగారు వచ్చి, "ముందు ఎవరో ఒకరు చేతిలోది కింద పెట్టండయ్యా!" అని కేకలేశారు.

అమ్మాయి కూడా నవ్వింది. "మా నియమమూ అదే నాన్నా. మ్యూటెక్స్ కోసం ఆగే ముందు జి.ఐ.ఎల్. వదలాలి. సి ప్లస్ ప్లస్ నుంచి పైథాన్‌ని పిలిచే ముందు మ్యూటెక్స్ వదలాలి. ఎక్కడో మరిచిపోయి ఉంటాను" అని మళ్లీ కూర్చుంది. రాత్రి పదకొండింటికి ఆ చోటు దొరికింది.

"అసలా ఒక్క తాళంచెవీ తీసేస్తే?" అన్నాను.

2024లో పైథాన్ 3.13తో అది లేని రకం ప్రయోగంగా వచ్చిందట. 2025లో 3.14తో దానికి అధికారిక గుర్తింపు కూడా వచ్చింది. కాని అన్నాళ్లూ దాని చాటున క్షేమంగా ఉన్న లెక్కలకు ఇక ఎవరి తాళం వారే వేసుకోవాలి. క్యాషియరు గది తలుపు తీసేస్తే, ప్రతి సొరుగుకీ తాళం కావాలి కదా!

మన ఇళ్లలో పట్టింపులూ ఇంతే. ముందుగా చేతిలోది కింద పెట్టినవారు ఓడిపోయినట్టు కాదు.