ఆఖరి సంపుటం కోసం ఆగకండి

"అన్ని భాగాలూ వచ్చాక మొదలుపెడతాను." ఫాంటసీ నవలలు చదివేవాళ్ల మధ్య కూర్చుంటే తరచూ వినిపించే మాట ఇది. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ పేరెత్తితే చాలు, ముందు ఇదే వస్తుంది. పుస్తకం ఎలా ఉందని ఎవరూ అడగరు, పూర్తయిందా అని అడుగుతారు. కాలేదంటే మాట అక్కడితో సరి. కాలం విలువ తెలిసిన పాఠకుడి జాగ్రత్త అని దీనికి పేరు కూడా వచ్చేసింది. నేను ఒప్పుకోను. ఇది పాఠకుడు తనకు తాను చేసుకునే అన్యాయం, ఇంకా పేరు రాని రచయితలకు చేసే అంతకన్నా పెద్ద అన్యాయం.

ఆ మాట అనేవాళ్ల కోపానికి కారణాలు లేకపోలేదు. మార్టిన్ మూడు పుస్తకాలనుకుని మొదలుపెట్టిన కథ ఏడుకు పెరిగింది. 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' 1996లో వచ్చింది. మూడో సంపుటం 2000లో, నాలుగోది 2005లో, అయిదోది 2011లో వచ్చాయి. నాలుగో పుస్తకం చివర, మిగతా కథ మరుసటి ఏడాదికి అందుతుందన్న ఆశను ఆయన అచ్చులోనే వెలిబుచ్చాడు. దానికి ఆరేళ్లు పట్టింది. ఆరోది, 'ది విండ్స్ ఆఫ్ వింటర్', ఇంకా రానేలేదు. ప్యాట్రిక్ రాత్‌ఫస్ సంగతీ అంతే. 'ది నేమ్ ఆఫ్ ద విండ్' 2007లో, రెండో భాగం 2011లో వచ్చాయి, మూడో భాగం జాడ లేదు. పైగా 2021 చివర్లో ఒక సేవా కార్యక్రమానికి విరాళాలు పోగుచేస్తూ, మూడో పుస్తకంలోని ఒక అధ్యాయాన్ని వినిపిస్తానని రాత్‌ఫస్ మాటిచ్చాడు. విరాళాలు వచ్చాయి, అధ్యాయం అనుకున్నట్టు రాలేదు. డబ్బిచ్చినవాళ్ల ఆగ్రహం న్యాయమైనదే. దాన్ని నేను సమర్థిస్తాను కూడా.

కానీ ఆ ఆగ్రహం తప్పిన మాట మీద. అచ్చయి చేతిలో ఉన్న పుస్తకం ఏ మాటా తప్పలేదు.

మార్టిన్ నాలుగో సంపుటంలో మెరిబాల్డ్ అనే సంచార మతగురువు ఉన్నాడు. చెప్పుల్లేకుండా ఊరూరా తిరుగుతుంటాడు. యుద్ధంలో ధ్వంసమైన పల్లెల మీదుగా బ్రియెన్ అనే వీరవనితతో కలిసి నడుస్తూ, దారిదోపిడీలకు దిగిన సైనికుల గురించి ఆమెకు చెబుతాడు. పొలం పనులు తప్ప మరేమీ ఎరగని పల్లె కుర్రాళ్లు, ఏ దొర ఎవరితో ఎందుకు పోరాడుతున్నాడో తెలియకుండానే అన్నదమ్ములతో, స్నేహితులతో కలిసి యుద్ధానికి బయల్దేరతారు. కాళ్లకు జోళ్లుండవు, కడుపుకు తిండి ఉండదు. పక్కనే ఉన్న తమ్ముడు పోతాడు. ఏదో ఒకరోజు ఆ మనిషి లోపల ఏదో విరిగిపోతుంది. పారిపోతాడు, దొంగవుతాడు, మనిషిలోంచి మృగం బయటికొస్తుంది. వాళ్లకు భయపడండి, కానీ వాళ్ల మీద జాలి కూడా పడండి అన్నది ఆయన చెప్పే సారం. తానూ పిల్లవాడిగా ఉన్నప్పుడు అలాగే యుద్ధానికి వెళ్లొచ్చినవాడే. యుద్ధం గురించి ఇంత దయతో, ఇంత స్పష్టంగా రాసిన పుటలు ఏ సాహిత్యంలోనైనా తక్కువే. సింహాసనం చివరికి ఎవరికి దక్కుతుందో తెలిస్తే ఈ పుటలకు కొత్తగా వచ్చేదేమిటి? ఏడో సంపుటం రాకపోతే వీటిలోంచి పోయేదేమిటి? అన్నీ వచ్చాకే చదువుతానన్నవాళ్లు 2005 నుంచి ఈ పుటలకు దూరంగా ఉండిపోయారు.

ఇంకో సంగతి. ఈ కథ ఆగిపోవడానికీ ఇంత బాగుండడానికీ మూలం ఒకటే. రచయితల్లో ముందే నక్షా గీసుకుని కట్టే మేస్త్రీలూ, విత్తనం నాటి ఏం మొలుస్తుందో చూసే తోటమాలులూ ఉంటారని మార్టిన్ తరచూ అంటుంటాడు. తాను తోటమాలినంటాడు. మూడో సంపుటం తర్వాత కథను అయిదేళ్లు ముందుకు దూకించి, పిల్ల పాత్రలను పెద్దవాళ్లను చేద్దామనుకున్నాడు. రాయబోతే కొన్ని పాత్రలకు ఆ అయిదేళ్ల విరామం పొసగలేదు. ప్రాణాపాయంలో ఉన్న మనిషి అయిదేళ్లు చేతులు కట్టుకుని కూర్చోడు కదా. దాంతో ఆ పథకాన్నే వదిలేసి ఆ కాలాన్ని రాయడానికి కూర్చున్నాడు. మీరీన్ నగరానికి ఏ పాత్ర ముందు చేరాలి, ఏది తర్వాత చేరాలి అన్న చిక్కు ఆయన్ను ఏళ్ల తరబడి వేధించింది. నక్షా ప్రకారం పాత్రలను తోసుకుంటూ పోయే రచయితకు ఆ చిక్కు వచ్చేదే కాదు, పుస్తకాలు వేళకు వచ్చేవి. అయితే వాటిలో మనుషులు ఉండేవాళ్లు కాదు.

ముగింపు చేతికొస్తే తృప్తి దక్కుతుందన్న నమ్మకం కూడా నిలిచేది కాదు. ఇదే కథ టెలివిజన్ సిరీస్‌గా 2011లో మొదలై, పుస్తకాలను దాటిపోయి, ఎనిమిదో సీజన్‌తో 2019లో ముగిసింది. ముగిసినందుకు ఎంతమంది సంతోషించారు? ఆ చివరి సీజన్ మీద వచ్చినంత నిరసన అసంపూర్ణ పుస్తకాల మీద ఎన్నడూ రాలేదు. ఆ సిరీస్ అసలు ఎలా పుట్టిందో చూడండి. తెరకెక్కిస్తామని వచ్చిన బెనియాఫ్, వైస్‌లను మార్టిన్ అడిగిన పరీక్ష ప్రశ్న: కథలో ముఖ్యపాత్రల్లో ఒకడైన జాన్ స్నో తల్లి ఎవరు? పుస్తకాల్లో ఎక్కడా సూటిగా చెప్పని విషయం అది. వాళ్లు సరిగ్గా చెప్పారు, అనుమతి దొరికింది. అప్పటికి కథ సగమే వచ్చింది. చెల్లాచెదురుగా పడి ఉన్న ఆనవాళ్లను ఏరి, కలిపి, ఊహించి చదివిన పాఠకులు వాళ్లు. ఎన్నో ఏళ్లుగా మామూలు పాఠకులూ అదే పని చేస్తూ వచ్చారు. జవాబు వెనక పుటలో సిద్ధంగా ఉన్న పుస్తకాన్ని ఎవరూ అంత శ్రద్ధగా చదవరు.

ఎదురుచూడడం తెలుగువాళ్లకు కొత్తా? ఫాంటసీ మన ఇళ్లలోకి వచ్చిందే ముక్కలు ముక్కలుగా. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'మకరదేవత', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' నెలకు కొన్ని పేజీల చొప్పున వచ్చాయి. చిత్రా గారి బొమ్మల్లో భల్లూకం మీద పడబోతుండగా "ఇంకా ఉంది" అని కనిపించేది. సీరియల్ మొత్తం అయ్యాకే చదువుతానని సంచికలు దాచిపెట్టుకున్న పిల్లవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆ నెల రోజులూ ఆ కథను తలలో మోసుకు తిరిగాం, స్నేహితులతో పందేలు వేసుకున్నాం. అంత వెనక్కి వెళ్లనక్కర్లేదు. 'బాహుబలి' మొదటి భాగం 2015 జూలైలో ఒక హత్య దగ్గర ఆగింది. రెండోది వచ్చింది 2017 ఏప్రిల్‌లో. కట్టప్ప ఎందుకు చంపాడని దేశమంతా తలబద్దలు కొట్టుకుంది. రెండో భాగం వచ్చేదాకా మొదటిది చూడనన్న మాట వినిపించలేదు. ఆ రెండేళ్ల ఊహాగానాలను ఆ సినిమా అనుభవంలోంచి తీసేస్తే ఎంత పోతుందో చూసినవాళ్లందరికీ తెలుసు. సీజన్ మొత్తం ఒక్క రాత్రిలో చూసేసే అలవాటు ఈమధ్యే వచ్చి, ఆ ఓపికను మనలోంచి తోడేస్తోంది. దాన్ని వివేకం అనడం నాకు బాధగా ఉంటుంది.

వయసు సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. హ్యారీ పాటర్ మొదటి పుస్తకం 1997లో, ఏడోది 2007లో వచ్చాయి. 1997లో పదకొండేళ్లున్న పిల్ల అన్నీ వచ్చేదాకా ఆగి ఉంటే, ఇరవయ్యొకటో ఏట మొదలుపెట్టేది. పాత్రలతో పాటు పెరిగే భాగ్యం ఆ తరానికే దక్కింది. ఎంత ధర పెట్టినా అది ఇప్పుడు ఎవరికీ దొరకదు.

తెలుగు సాహిత్యం మొదలైన తీరును చూసినవాళ్లు అసంపూర్ణ రచనను చిన్నచూపు చూడలేరు. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు అయ్యాయి. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆ కలం ఆగింది. సుమారు రెండు వందల ఏళ్లపాటు తెలుగు భారతంలో పాండవులు అడవిలోనే ఉండిపోయారు. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని పదిహేను పర్వాలు రాశాడు. అయినా అరణ్యపర్వంలో ఖాళీ అలాగే ఉంది. దాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించాడు, అదీ నన్నయ పేరుకూ రాజరాజనరేంద్రుడికీ చెందేట్టుగా, తన పేరు వెనక్కి పెట్టుకుని. సంస్కృత భారతం ఉంది కనక కథ చివర ఏమవుతుందో అందరికీ తెలుసు కదా, అది వేరే విషయం అనవచ్చు. సరిగ్గా నేననేదీ అదే. ముగింపు తెలిసినవాళ్లు కూడా సగంలో ఆగిన నన్నయను చదివారంటే, నన్నయ పద్యం కోసం చదివారు. పూర్తి కాని గ్రంథమని పక్కన పెట్టి ఉంటే తిక్కన ఎక్కడి నుంచి అందుకునేవాడు? ఆధునిక కాలంలోనూ గురజాడ 'కొండుభట్టీయం', 'బిల్హణీయం' పూర్తి కాలేదు. కాఫ్కా 'ది కాసిల్' పూర్తి కాలేదు. డికెన్స్ తలపెట్టిన పన్నెండు భాగాల్లో ఆరింటితోనే 'ఎడ్విన్ డ్రూడ్' 1870లో ఆయనతో పాటే ఆగిపోయింది. ఇవన్నీ ఇవాళ్టికీ అచ్చవుతున్నాయి, చదువుతున్నారు.

అమెరికాలో రాబర్ట్ జోర్డాన్‌ది దాదాపు అలాంటి కథే. 'ద వీల్ ఆఫ్ టైమ్' మొదటి సంపుటం 1990లో వచ్చింది. పదకొండు సంపుటాలు, ఒక పూర్వకథ రాసి, ఆఖరిది రాస్తూ ఉండగా అరుదైన రక్తవ్యాధితో 2007 సెప్టెంబరులో ఆయన పోయాడు. పోయేలోగా కథ ఎలా ముగియాలో నోట్సు రాయించాడు, కొన్ని సన్నివేశాలు చెప్పి రాయించాడు. పూర్తి చేసే బాధ్యత ఆయన భార్య, సంపాదకురాలు కూడా అయిన హ్యారియెట్ మెక్‌డూగల్ మీద పడింది. జోర్డాన్ పోయాక బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయిత రాసుకున్న నివాళి ఆమె కంటపడింది, ఆ పని అతనికే అప్పగించింది. బడి రోజుల్లో ఆ సిరీస్ మొదటి పుస్తకం దొరికి, ఆ కథను చదువుతూ పెరిగి రచయిత అయినవాడు అతను. ఒక్క సంపుటం అనుకున్నది మూడై, ఆఖరిది 2013 జనవరిలో వచ్చింది. అంటే ఆ సిరీస్‌ను పూర్తి చేసింది, అది పూర్తి కాకముందే చదవడం మొదలుపెట్టిన ఒక కుర్రాడు. అతను కూడా అన్నీ వచ్చాకే చదువుదామని ఆగి ఉంటే?

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయానికి వస్తాను. మార్టిన్‌ను మీరు చదవకపోయినా ఆయనకు పోయేదేమీ లేదు. దెబ్బ తగిలేది మొదటి పుస్తకం వేసుకున్నవాళ్లకు. ప్రచురణకర్త రెండో భాగం వేయాలా వద్దా అన్నది మొదటి భాగం అమ్మకాలను చూసి తేల్చుకుంటాడు. మూడు భాగాలూ వచ్చాక కొంటామని పాఠకులు ఆగితే, రెండోది రాదు. అప్పుడు "చూశారా, పూర్తి చేయలేదు" అంటారు. పూర్తి కాకుండా చేసింది ఆ ఎదురుచూపే. తెలుగులో ఇది మరీ కఠినం. ఇక్కడ చాలామంది రచయితలు అయిదు వందలో వెయ్యో ప్రతులు సొంత డబ్బుతో వేసుకుని, అవి అమ్ముడైతేనే తర్వాతి పుస్తకం గురించి ఆలోచించగలిగే స్థితిలో ఉన్నారు. మూడు సంపుటాల జానపద నవల రాద్దామని కూర్చున్న తెలుగు యువకుడికి, మొదటి సంపుటం దగ్గరే మనం చెప్పే జవాబు "అన్నీ రానీ, చూద్దాం" అయితే, మన భాషలో ఫాంటసీ లేదని వాపోయే హక్కు మనకెక్కడిది?

జీవితం చిన్నది, పూర్తయిన గొప్ప పుస్తకాలే చదవడానికి సమయం చాలదు అనేవాళ్లున్నారు. ఈ వాదాన్ని నేను గౌరవిస్తాను. అలాగైతే గొప్పదా కాదా అని చూసి ఎంచుకోండి. నాసిరకం సిరీస్‌లు ఎన్నో వేళకు పూర్తయ్యాయి. మధ్యలో పాత్రల పేర్లు మరిచిపోతామన్న భయానికి మందు మళ్లీ చదవడమే, మంచి పుస్తకానికి అదేమీ శిక్ష కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే నా అభిప్రాయం చెబుతాను. మార్టిన్‌వి మొదటి మూడు సంపుటాలు వరసగా చదివి, కావాలంటే అక్కడ కొన్నాళ్లు ఆగండి. రాజుల మధ్య యుద్ధం అప్పటికి చాలావరకు ఒక కొలిక్కి వస్తుంది. రాత్‌ఫస్‌ది మొదటి పుస్తకం తప్పక చదవండి. అందులో కథానాయకుడు క్వోత్ నిండు సభలో వీణలాంటి వాద్యం వాయిస్తుండగా తీగ తెగిపోయే సన్నివేశం ఒక్కటి చాలు, ఆ పుస్తకానికి పెట్టిన ఖర్చు వచ్చేస్తుంది. రెండోది జవాబులకన్నా ప్రశ్నలే ఎక్కువ మిగులుస్తుంది, ఆ సంగతి ముందే తెలుసుకుని వెళ్లండి. శాండర్సన్ సొంత సిరీస్ 'స్టార్మ్‌లైట్ ఆర్కైవ్' పది సంపుటాలుగా తలపెట్టింది. 2010 నుంచి 2024 దాకా అయిదు వచ్చి మొదటి సగం ముగిసింది. ఆయన వేగంగా రాసేవాడిగా పేరున్నవాడు. అయినా ముప్పై ఏళ్లవాళ్లు పదోదాని కోసం ఆగితే, అదే లెక్కన నలభై నాలుగు దాటుతుంది. మొదటి సంపుటం 'ది వే ఆఫ్ కింగ్స్' సుమారు వెయ్యి పేజీలు. రాబోయే వేసవి సెలవులకు అది చాలు.