మూడో సంతకం

రిజిస్ట్రార్ కార్యాలయం వరండాలో ప్రేమజంటను గుర్తుపట్టడం తేలిక. జంటకంటే ఎక్కువ కంగారుపడుతున్న ముగ్గురు పక్కనే ఉంటారు. చేతిలో ఆధార్ జిరాక్సులు, దండల కవరు. అమ్మానాన్నలు, మేనమామ ఉండాల్సిన చోట హాస్టల్‌లో అన్నం పంచుకున్నవాళ్లు నిలబడతారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ముగ్గురు సాక్షులను అడిగిందే తప్ప వాళ్లు స్నేహితులై ఉండాలనలేదు. కానీ కులమో మతమో దాటిన పెళ్లికి సంతకం పెట్టడానికి ఇంకెవరొస్తారు?

పైగా అదే చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. దాన్ని కార్యాలయంలో అందరికీ కనిపించేలా అతికిస్తారు. ఇంటికి కబురు చేరడానికి అది చాలు. ఆ నెల రోజులూ అమ్మాయి తలదాచుకునేది ఏ స్నేహితురాలి గదిలోనో. నోటీసు ప్రచురణ జంట ఇష్టమని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. అంతకుముందు, 2018 మార్చిలో, మేజర్లయిన ఇద్దరి పెళ్లిలో ఖాప్ పంచాయతీలు వేలు పెట్టరాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆరు నెలలు తిరక్కుండానే మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న దళిత యువకుణ్ణి కిరాయి హంతకుడు నరికేశాడు. తీర్పు కంటే స్నేహితురాలి గదే నమ్మకంగా కనిపించడంలో వింతేముంది?

పెళ్లయ్యాక కథ వేరు. ఇంత ప్రమాదం దాటి కలిసినవాళ్లు ఒకరికొకరు సర్వస్వం కావాలనుకుంటారు. అమ్మానాన్న, అన్నదమ్ములు, నేస్తం అన్నీ ఆ ఒక్క మనిషే. అది మోయలేని బరువు. అబ్బాయిల సంగతి మరీ అధ్వానం. టీ కొట్టు దగ్గర గంటసేపు నిలబడ్డా మాట ‘ఏరా, ఏంటి సంగతులు’ దాటదు. మనసులోదంతా ఇంటికి మోసుకెళ్లి భార్య ముందు కుమ్మరిస్తారు. ఆమె కుమ్మరించుకోవడానికి పాత స్నేహితురాలు ఊళ్లో ఉండదు, ఉన్నా ‘దానితో అంత మాటలేంటి’ అనే మొగుళ్లకు కొదవలేదు. ప్రేమించి చేసుకున్నవాళ్లయినా సరే. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో గొడవొస్తే పంచాయితీకి పెద్దమనుషులుంటారు. వీళ్లకున్నది ఆ మూడో సంతకమే.

ప్రభుత్వాల లెక్కలో ఈ స్నేహానికి చోటు లేదు. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌరస్మృతి, సహజీవనాన్ని రిజిస్టర్ చేయించాలంది. 21 ఏళ్లు నిండనివారి విషయం తల్లిదండ్రులకు చేరవేయాలంది. రిజిస్ట్రారు, కన్నవాళ్లు, పోలీస్ స్టేషన్ - ఆ చట్టానికి కనిపించే బంధువులు వీళ్లే.

స్నేహితులు పోలీసులకు మాత్రం బాగా గుర్తుంటారు. అమ్మాయి కనిపించడం లేదని ఫిర్యాదు అందితే స్టేషన్‌కు ముందుగా కబురెళ్లేది వాళ్లకే.