బీమా పత్రం ముందు దాపరికం వద్దు

మంచి రోగికి నాలుగు లక్షణాలుండాలని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో చెప్పారు. ధనం కలిగి ఉండటం, వైద్యుని మాట వినటం, రోగాన్ని దాచక చెప్పటం, ధైర్యం. గురుకులంలో ఈ పాఠం విన్ననాడు, ధనం కూడా ఒక లక్షణమేనా అని మేము నవ్వుకున్నాము. నలభై ఏళ్ళుగా రోగులను చూసిన పిదప ఆ నవ్వు మాసిపోయింది.

ఆ మొదటి లోటు తీర్చడానికి పుట్టినదే తీవ్రవ్యాధుల బీమా. దీన్ని తలపెట్టినవాడు దక్షిణాఫ్రికాకు చెందిన హృదయ శస్త్రవైద్యుడు మారియస్ బర్నార్డ్. 1983లో అది ఆచరణలోకి వచ్చింది. పట్టికలోని వ్యాధి నిర్ధారణ అయితే, ఆసుపత్రి ఖర్చు ఎంతైందన్న దానితో నిమిత్తం లేకుండా ఒకేసారి సొమ్ము చేతికిస్తారు.

దీనితోపాటు ఏజెంట్లు కొన్ని అదనపు రక్షణలు చూపుతారు. నా అభిప్రాయంలో మొదట కోరదగినది ప్రీమియం మాఫీ. మంచానపడిన మనిషికి సంపాదన ఆగినా పాలసీ ఆగకూడదు గదా! తీవ్రవ్యాధి రక్షణను జీవిత బీమాకు జతగా తీసుకునేవారు మరొకటి అడగాలి: ఇచ్చే సొమ్ము అసలు బీమా మొత్తంలోంచి తగ్గుతుందా, విడిగా వస్తుందా? తగ్గేదైతే తరువాత కుటుంబానికి మిగిలేది ఆ మేరకు తక్కువే.

పట్టికలో ఎన్ని వ్యాధులున్నాయన్న లెక్కకు మురిసిపోవద్దు. నిర్వచనాలు చదవండి. మన దేశపు ప్రామాణిక నిర్వచనం ప్రకారం పక్షవాతపు లోపం కనీసం 3 నెలలు నిలిచినట్లు ఆధారం చూపాలి. త్వరగా కోలుకున్నవారికి సొమ్ము రాదు. పుట్టినచోటు దాటని తొలిదశ క్యాన్సరుకూ వర్తించదు. తొలిదశలకు విడిగా రక్షణ ఉంటే, దాని విలువ అక్కడే తెలుస్తుంది. సాధారణంగా పాలసీ తీసుకున్న తొలి 90 రోజుల్లో బయటపడిన వ్యాధికి చెల్లింపు ఉండదు.

ఇక మూడవ లక్షణం. కొన్నేళ్ళ క్రితం, మధుమేహానికి నావద్ద మందు వాడుతున్న ఒక గృహస్థు దరఖాస్తు పట్టుకుని వచ్చారు. "వైద్యులుగారూ, మీరిచ్చేది చూర్ణమే కదా, ఇంగ్లీషు మందు కాదు గదా! షుగరు లేదని వ్రాయనా?" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. రెండేళ్ళు తిరగకుండానే ఆయనకు గుండెపోటు వచ్చింది. పాత రక్తపరీక్ష బయటపడింది; సొమ్ము ఇవ్వలేమన్నారు. ఆ ఉత్తరాన్ని ఆయన భార్య నా బల్లమీద పెట్టినప్పుడు నాకు మాట రాలేదు. ఆనాటి నా మౌనంలోనూ తప్పున్నది.

చూర్ణమైనా, కషాయమైనా, లేహ్యమైనా మందు మందే. దేనికి వాడుతున్నారో పత్రంలో వ్రాయండి. ప్రీమియం పెరిగితే పెరగనివ్వండి. దరఖాస్తును ఏజెంటు చేత నింపించి గుడ్డిగా సంతకం చేయకండి. పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల లోపల నచ్చకపోతే తిరిగి ఇచ్చివేయవచ్చు. ఆ గడువులో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని, దానిని మొదటినుంచి చివరిదాకా చదవండి.