లైట్ అయితే లైట్ అని చెప్పండి

గద్వాలలో ఏ చీరల షాపుకైనా వెళ్లండి. చీరంతా నూలు, అంచూ కొంగూ మాత్రం పట్టు అని షాపాయన ముందే చెప్తాడు. పూర్తి పట్టు కావాలంటే అదీ ఉంటుంది, రేటు వేరే. నూలు చీరను 'పట్టు తగ్గిన చీర' అని ఎవరూ తిట్టరు. చెప్పి అమ్మాడు కదా! పవర్‌లూమ్ చీరకు గద్వాల పేరు తగిలిస్తేనే గొడవ.

గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్లకూ ఇదే లెక్క పెట్టాలంటాను. కొన్ని ఫీచర్లు లేకుండా గేమ్ అమ్మడం తప్పేం కాదు. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో తక్కువ ర్యామ్ ఫోన్లతో నెట్టుకొచ్చినోళ్లకు 'పబ్‌జీ మొబైల్ లైట్' గుర్తుండే ఉంటుంది. 100 మంది బదులు 60 మంది, చిన్న మ్యాప్. పేరులోనే లైట్ ఉంది, మోసం అని ఎవరంటారు? (2020 సెప్టెంబర్‌లో పెద్ద పబ్‌జీతో పాటు దీన్నీ బ్యాన్ చేశారు, అది వేరే కథ.)

ఇప్పుడు 'ఫిఫా 22' సంగతి చూడండి. ప్రచారంలో హైపర్‌మోషన్ అని ఒకటే హడావుడి. పీసీ వెర్షన్‌లో అది లేనే లేదు, పేరు మాత్రం అదే. అదే కంపెనీ నింటెండో స్విచ్‌లో అమ్మినదానికి 'లెగసీ ఎడిషన్' అని పెట్టింది. అంటే చెప్పడం చేతకాక కాదన్నమాట.

కొన్నాక పీకేయడం ఇంకా అన్యాయం. 2020లో పీసీలో 'జీటీఏ 4'ను 'కంప్లీట్ ఎడిషన్'గా మార్చి మల్టీప్లేయర్ తీసేశారు. ఎప్పుడో కొన్నవాళ్లకూ పోయింది. పాత మైక్రోసాఫ్ట్ సర్వీసు మూలంగా వచ్చిన చిక్కు అది, నిజమే. కానీ తీసేసి కంప్లీట్ అనడమేంటండీ!

పాకెట్ మనీ దాచి నెలకో రెండు నెలలకో ఒక గేమ్ కొనే కుర్రాడికి ఇది చిన్న విషయం కాదు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడితే డబ్బు వాపస్ అడగొచ్చు. ఏది లేదో తెలిసేసరికే ఆ రెండు గంటలు దాటిపోతాయి. అందుకే లేనివేంటో 'బై' బటన్ పక్కనే పెద్దక్షరాల్లో ఉండాలి. కింద 'రీడ్ మోర్' నొక్కితే కనబడేలా కాదు.

2019 వినియోగదారుల చట్టం ప్రకారం కొనే వస్తువు గురించి తెలుసుకోవడం మన హక్కు. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా, మనం ఉండే చోటి నుంచే కేసు వేయొచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 1915. కొనే ముందు ఆ స్టోర్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పేజీలు రాత్రికి రాత్రే మారిపోతుంటాయి.