ట్రక్కు కొనే ముందు ఇద్దరూ ఎక్కి చూడండి

వైద్య విషయాలు రాసే చోట ట్రక్కుల ప్రసక్తి ఏమిటని మీకు సందేహం కలుగవచ్చు. రక్తపుపోటు మందుల గురించి అడిగినంత తరచుగా ఈ మధ్య నా మిత్రులు ఈ సంగతి కూడా అడుగుతున్నారు. 1965 వలస చట్టం తరువాత అమెరికాకు వచ్చిన తెలుగు వైద్యులు, ఇంజనీర్లలో చాలామంది ఇప్పుడు విశ్రాంత జీవితంలో ఉన్నారు. పిల్లలు స్థిరపడ్డారు. చూడవలసిన జాతీయ వనాలు మాత్రం మిగిలిపోయాయి. అందుకని ఒక ట్రావెల్ ట్రెయిలరు, అంటే పడక, వంటగది, స్నానాల గది ఉన్న చక్రాల మీది చిన్న ఇల్లు కొనుక్కుని, దానిని పికప్ ట్రక్కుకు తగిలించుకుని, ఏడాదికి మూడు నాలుగు ప్రయాణాలు చేయాలని వారి కోరిక. ఇక ప్రశ్న: "ఏ ట్రక్కు కొనమంటారు?"

నా అభిప్రాయం ముందే చెబుతాను. దంపతులలో ఎవరైనా సరే, ఆ ట్రక్కును రాత్రివేళ ఒంటరిగా నడపగలరా అన్నది మొదట చూడండి. మీరు కోరుకున్న ట్రెయిలరును తన శక్తిలో కొంత మిగుల్చుకుని అది మోయగలదా అన్నది తరువాత చూడండి. ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించే "ఎంత లాగుతుంది" అన్న అంకెను చివరికి ఉంచండి.

నేను ఈ వరుసను తలక్రిందులు చేసి నేర్చుకున్నాను.

ముప్పై నాలుగు మైళ్ళు

ఉద్యోగ విరమణ చేసిన ఏడాది నేను డీజిల్ ఇంజను గల భారీ ట్రక్కును కొన్నాను. దాని ముందు భాగం మా ఆవిడ భుజాల ఎత్తు ఉండేది. ఆమె ఒక్కసారి ఎక్కి, పట్టుకొమ్మను పట్టుకుని దిగి, "ఇది మీ బండి" అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను.

మరుసటి సెప్టెంబరులో వయోమింగ్‌లో ఒక మారుమూల విడిదిలో ఉన్నాము. రాత్రి రెండు గంటలకు ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్లు నొప్పి, చెమట, ఎడమ దవడలో లాగుడు. అదేమిటో నాకు తెలుసు. ఫోనుకు సంకేతం లేదు. చుట్టుపక్కల విడిదులు ఖాళీగా ఉన్నాయి. మా ఆవిడ తాళం చేత పట్టుకుని నడిపే ఆసనంలో కూర్చున్నది. పాదం అందింది గాని, ముందున్న దారి అంచు ఆమెకు కనిపించలేదు. అంతవరకు ఆ బండిని ఒక్క గజమైనా నడపలేదు. ఆమె చేతులు వణకడం చూసి నేనే నడిపాను. ఆసుపత్రికి 34 మైళ్ళు.

నా రోగులలో ఎవరైనా ఆ పని చేసి ఉంటే గట్టిగా కోప్పడేవాణ్ణి. దారిలో స్పృహ తప్పి ఉంటే మా ఇద్దరి ప్రాణాలే కాక, ఎదురుగా వచ్చే మరొకరి ప్రాణం కూడా పోయేది. అక్కడి వైద్యులు హృదయ ధమనిలోని అడ్డంకిని తొలగించి స్టెంట్ అమర్చారు. బ్రతికాను. ఆ ట్రక్కును ఆ శీతకాలంలోనే అమ్మివేశాను.

తలుపు అంచున ఉన్న కాగితం

అమెరికాలో ట్రక్కుల తరగతులకు పాత పేర్లు మిగిలిపోయాయి. ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో 1500, రామ్ 1500 వంటివి "అర టన్ను" తరగతి. ఎఫ్-250, 2500 అన్న అంకె గలవి "ముప్పావు టన్ను" తరగతి. ఈ పేర్లకూ అవి నేడు మోయగల బరువులకూ సంబంధం లేదు. ఒకే పేరు గల రెండు ట్రక్కులు పక్కపక్కన నిలబడి ఉన్నా, వాటికి అమర్చిన హంగులను బట్టి మోసే శక్తి వందల పౌన్లు తేడాగా ఉంటుంది.

కనుక పుస్తకంలోని అంకెను నమ్మకండి. నడిపేవారి తలుపు తెరిస్తే చట్రం మీద టైర్ల వివరాలతో ఒక చిన్న కాగితం అతికించి ఉంటుంది. మనుషులు, సామాను కలిసి ఇన్ని పౌన్లకు మించరాదని దాని మీద ఉంటుంది. మీరు కొనబోయే ఆ ఒక్క బండికి సంబంధించిన నిజం అదే.

ఒక లెక్క వేద్దాము. కాగితం మీద 1,500 పౌన్లు, అంటే సుమారు 680 కిలోలు అని ఉన్నదనుకోండి. దంపతులిద్దరి బరువు 330. వెనుక తొట్టిలో పనిముట్లు, మడత కుర్చీలు, చిన్న జనరేటరు కలిసి 250. ట్రెయిలరు బరువును ఇరుసుల మధ్య పంచే హిచ్ 80. మొత్తం 660 పోగా మిగిలినది 840 పౌన్లు.

ట్రెయిలరు తన బరువులో 10 నుండి 15 శాతం వరకు ట్రక్కు కొక్కెం మీద మోపాలి. అంతకంటే తక్కువ మోపితే గాలికి ట్రెయిలరు పాము తోకలా ఊగడం మొదలుపెడుతుంది. 13 శాతం లెక్కన, మిగిలిన 840 పౌన్లకు సరిపోయే ట్రెయిలరు బరువు సుమారు 6,400 పౌన్లు. ప్రకటనలో మాత్రం అదే ట్రక్కు 11,000 లాగుతుందని ఉండవచ్చు. ఆ అంకె అబద్ధం కాదు. తేలికగా అమర్చిన బండితో, కొద్దిపాటి సామానుతో పరీక్షించి రాబట్టినది. మీ ప్రయాణం అలా ఉండదు. వెనుక సీటులో మనుమలు కూర్చున్నారంటే మిగులు ఇంకా తగ్గుతుంది.

గుండె విషయంలో మేము పని మిగులు అనే మాట వాడతాము. విశ్రాంతిగా ఉన్నప్పుడు బాగా పనిచేసే గుండె, మెట్లెక్కినప్పుడు ఎంత అదనంగా పనిచేయగలదన్నది ఆ మిగులు. ట్రక్కుకూ అది కావాలి. కొలరాడోలో ఐ-70 రహదారి ఐసెన్‌హోవర్ సొరంగం వద్ద 11,000 అడుగుల ఎత్తును దాటుతుంది. టర్బో లేని ఇంజను ప్రతి 1,000 అడుగులకు సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి. కనుక లెక్క 6,400 అని తేలితే, నిండుగా సర్దిన తరువాత 5,000 దాటని ట్రెయిలరును వెదకండి. నీటికి గాలనుకు 8.3 పౌన్లు బరువని మరువకండి. 40 గాలన్ల తొట్టి నింపితే 330 పౌన్లు, అంటే మరో ఇద్దరు మనుషులు ఎక్కినట్లే.

ముందు ట్రెయిలరును నిశ్చయించుకుని తరువాత ట్రక్కు కొనండి. చాలామంది దీనిని తిరగవేసి, రెండేళ్ళలో రెండుసార్లు డబ్బు పోగొట్టుకుంటారు.

"ఇంకొంచెం పెద్దది కొనండి" అనేవారికి

పెద్ద ట్రక్కే క్షేమమని వాదించేవారి మాటలో సత్యం లేకపోలేదు. ఏడాది పొడవునా రోడ్ల మీదే ఉండేవారికి, 10,000 పౌన్ల ట్రెయిలరు లాగేవారికి ముప్పావు టన్ను ట్రక్కు అవసరమే. ఏడాదిలో ముప్పై రోజులు ట్రెయిలరు లాగి, మిగిలిన పదకొండు నెలలు కూరగాయలకు, గుడికి, వైద్యుని వద్దకు వెళ్ళేవారి సంగతి వేరు. మోకాలి మార్పిడి జరిగిన మనిషికి ఆ మెట్టు ప్రతిరోజూ ఒక పరీక్ష. దిగేటప్పుడు జారిపడి తుంటి ఎముక విరగడం ఈ వయసులో చిన్న విషయం కాదు. ముందుభాగం ఎత్తు పెరిగిన కొద్దీ ఎదుట నడిచేవారికి ప్రమాదం కూడా పెరుగుతుంది. హైవే భద్రతపై పనిచేసే సంస్థ ఐ.ఐ.హెచ్.ఎస్. 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, బానెట్ అంచు 40 అంగుళాలకు మించిన వాహనాలు పాదచారులను గుద్దినప్పుడు మరణం సంభవించే అవకాశం, 30 అంగుళాలు మించని వాలు బానెట్ల వాహనాలతో పోలిస్తే 45 శాతం ఎక్కువ. ఇంటి ముందు ఆడుకునే మనుమలను తలచుకోండి.

పెద్ద బండి కొన్ని దారులను మూసివేస్తుంది కూడా. గ్లేసియర్ జాతీయ వనంలో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు కొండభాగం మీదకు 21 అడుగులు మించిన వాహనాలను అనుమతించరు. నాలుగు తలుపులు, ఎనిమిది అడుగుల తొట్టి గల భారీ ట్రక్కు ట్రెయిలరు లేకుండానే ఆ హద్దు దాటుతుంది.

ఏ తరగతి ట్రక్కు కొన్నా కొన్ని హంగులకు మాత్రం లోభించకండి: ట్రెయిలరు బ్రేకులను నియంత్రించే అమరిక, పొడవైన పక్క అద్దాలు, వెనుక కెమెరా, పక్కమెట్లు, ఎత్తు సవరించే ఆసనం.

బండి కంటే ముందు నడిపేవారి పరీక్ష

అరవై ఏళ్ళ కంటి తెరను చేరే వెలుగు ఇరవై ఏళ్ళ కంటిని చేరే వెలుగులో దాదాపు మూడో వంతు. కంటికటకంలో పొర ఏర్పడుతుంటే ఎదుటి దీపాల మిరుమిట్లు తోడవుతాయి. కనుక సూర్యాస్తమయానికి ముందే విడిది చేరుకోవాలి. మెడను రెండు వైపులా తిప్పలేనివారు ట్రెయిలరును వెనుకకు నడపడం కష్టం. ఇన్సులిన్, సల్ఫొనైల్‌యూరియా మందులు వాడేవారు తాళం తిప్పేముందు రక్తంలో చక్కెర చూసుకోవాలి. జలుబుకు, నిద్రకు వాడే డైఫెన్‌హైడ్రమిన్ వంటి మందులు వేసుకున్న రోజున నడపకూడదు. రెండు గంటలకొకసారి దిగి నడవండి. కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. బరువైన హిచ్‌ను వంగి ఎత్తేటప్పుడు నడుము, భుజం గాయపడతాయి. అది కూడా ఇద్దరూ కలిసి చేయవలసిన పని. ట్రెయిలరులో కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక గంట మోగుతున్నదో లేదో ప్రతి ప్రయాణానికి ముందు పరీక్షించండి.

ఏడాదికి ఒక్క ప్రయాణమే చేయగలమని మీకు తోచితే ఏదీ కొనవద్దు. ట్రెయిలరును విడిది వద్దకే తెచ్చి నిలబెట్టి ఇచ్చేవారు అనేక ప్రాంతాలలో ఉన్నారు. మీ కారులో వెళ్ళి అందులో ఉండి రావచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

కొనదలచినవారు మాత్రం అమ్మకందారు వద్దకు ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఇద్దరూ అయిదేసి సార్లు ఎక్కి దిగండి. ఖాళీ స్థలంలో ఇద్దరూ నడపండి. తలుపు కాగితాన్ని ఫోటో తీసుకుని ఇంటికి వచ్చి లెక్క వేయండి. ఆ రోజే సంతకం చేయకండి.

మా ఇప్పటి బండి అర టన్నుది. ట్రెయిలరు నిండితే 4,600 పౌన్లు. మధ్యాహ్నం వరకు నేను నడుపుతాను, భోజనం తరువాత మా ఆవిడ నడుపుతుంది. గాలి ఎక్కువగా ఉంటే ఇద్దరం ఆగిపోతాము. ప్రతి పుట్టినరోజు నాడు ఒకరినొకరం ఒకే ప్రశ్న వేసుకుంటాము: "ఈ ఏడాది నేను నడుపుతుంటే నీవు నిశ్చింతగా కునుకు తీయగలిగావా?" ఎవరైనా ఒకరు తడబడిన రోజున ట్రెయిలరును అమ్మివేయాలని ఒప్పందం. మీరూ అటువంటి ఒప్పందం ఒకటి చేసుకున్న తరువాతనే తాళం అందుకోండి.